లాంఛనం ఎప్పుడు ‘లాంఛనమే’ అవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయికి సంబంధం మాట్లాడుతున్నప్పుడు అబ్బాయి తరఫువాళ్లు ‘‘కట్నం మాట ఎత్తం, లాంఛనాలు మాత్రం లోటు లేకుండా జరిపించండి’’ అన్నారు. మర్నాడే పేపర్లో ‘ఆయన గెలుపు లాంఛనమే’ అని చదివాను. మా ఇంట్లో లాంఛనం తప్పనిసరి. పేపర్లోనేమో అది నామమాత్రం. ఒకే మాట ఇలా రెండువైపులా ఎలా తిరుగుతుంది?
ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: అమ్మా, ఈ మాటతో నాకు పాత పరిచయం. పత్రిక డెస్కులో రాత్రి షిఫ్టులు చేసిన రోజుల్లో, ఎన్నికలొచ్చాయంటే ‘లాంఛనమే’ అనే శీర్షిక లేకుండా పేజీ వెళ్లేది కాదు. సింగిల్ కాలమ్‌లో ఇట్టే ఇమిడిపోతుంది. గెలిచాడని రాయకుండానే గెలిచాడని చెప్పేస్తుంది. అందుకే సబ్ ఎడిటర్లకు ఆ మాటంటే అంత ఇష్టం. కానీ మీలా ఇంటి వాడుకనీ పేపరు వాడుకనీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. చాలా మంచి ప్రశ్న వేశారు.

సంస్కృతంలో లాంఛనం అంటే గుర్తు, మచ్చ, ముద్ర. చంద్రుడిలో కుందేలు ఆకారంలో మచ్చ కనిపిస్తుంది కాబట్టి ఆయన శశలాంఛనుడు. రొమ్మున శ్రీవత్సమనే మచ్చ ఉంది కాబట్టి విష్ణుమూర్తి శ్రీవత్సలాంఛనుడు. జైన ఆలయాలకు వెళ్లినవాళ్లకు ఇంకో వాడుక కూడా తెలిసి ఉంటుంది. తీర్థంకరుల విగ్రహాలు చూడ్డానికి దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఎవరు ఎవరో చెప్పేది పీఠం మీద చెక్కిన చిన్న బొమ్మ. ఎద్దు ఉంటే ఋషభనాథుడు, పాము ఉంటే పార్శ్వనాథుడు, సింహం ఉంటే మహావీరుడు. ఆ బొమ్మను లాంఛనమనే అంటారు.

రాజుల దగ్గరికి వచ్చేసరికి ఈ గుర్తుకు అధికారం తోడైంది. గొడుగు, వింజామర, జెండా, ఇవన్నీ రాజలాంఛనాలు. వేంగీ చాళుక్యుల వంశ లాంఛనం వరాహం. వాళ్ల తామ్రశాసనాలను మ్యూజియంలో చూసే వీలు దొరికితే కాస్త దగ్గరగా చూడండి. దానం వివరాలు చెక్కిన రాగి రేకులన్నిటికీ ఒక పక్కన రంధ్రం ఉంటుంది. వాటిని ఒక కడియానికి గుచ్చి, ఆ కడియం కొసలు కలిసేచోట గుండ్రటి ముద్ర వేస్తారు. ముద్ర మీద ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదు, వరాహం, అంకుశం కనిపిస్తాయి. శాసనం మొదట్లో వచ్చే వంశ ప్రశస్తిలోనూ లాంఛనం మాట ఉంది. నారాయణుడి దయవల్ల దక్కిన వరాహలాంఛనాన్ని చూసిన క్షణంలోనే శత్రు మండలాలు వశమైపోయాయని ఆ ప్రశస్తి చెబుతుంది. కత్తి దూయకముందే ఫలితం తేలిపోయిందన్నమాట. నేటి శీర్షికలకు ఆ ప్రశస్తి మూలమని నేను అనను గానీ, చదివిన ప్రతిసారీ మనసు అటే వెళుతుంది.

ఆ రాగి రేకుల దగ్గరే ఇంకొంచెం ఆగుదాం. ఫలానా ఊరు ఫలానావారికి ఇవ్వాలన్న నిర్ణయం రాజు ఎప్పుడో చేసేశాడు. ఎల్లలు రాశారు, సాక్షుల పేర్లు రాశారు. చివరికి మిగిలింది ముద్ర. అది కొత్తగా నిర్ణయించేదేమీ లేదు. అయినా ముద్ర లేని రేకులు పట్టుకెళ్లి ‘ఈ ఊరు నాది’ అంటే నమ్మేవాళ్లుండరు. నాకు తోచినంతవరకు ఈ మాటకున్న రెండు ముఖాలూ ఇక్కడే కనిపిస్తాయి. దానివల్ల కొత్తగా తేలేదేమీ లేదు, అది లేకుండా మాత్రం పని పూర్తికాదు. మీ కాబోయే వియ్యాలవారు రెండో ముఖాన్ని పట్టుకున్నారు. పేపరువాళ్లు మొదటి ముఖాన్ని పట్టుకున్నారు.

పెళ్లి లాంఛనాలు కూడా మొదట గుర్తులే. ఈ ఇంటికీ ఆ ఇంటికీ చుట్టరికం కలిసిందనడానికి అందరి ఎదుటా చూపించే గుర్తు. అత్తగారి లాంఛనం, ఆడపడుచు లాంఛనం, తోడల్లుడి లాంఛనం అని ఎవరి వరస వాళ్లకుంది. మా పెద్దక్క పెళ్లిలో ఆడపడుచు లాంఛనం పళ్లెం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఇత్తడి పళ్లెంలో పసుపు, కుంకుమ, తమలపాకుల కట్ట, వక్కలు, వెండి భరిణె, పైన మడతపెట్టిన చీర. చీర అంచు జరీ అనుకున్నంత వెడల్పు లేదని విడిదింట్లో మొదలైన మాట, మధ్యవర్తి కలగజేసుకునేదాకా ఆగలేదు. మా నాన్న అప్పటికప్పుడు బజారుకు మనిషిని పంపించి వేరే చీర తెప్పించారు. అప్పుడు మా బాబాయి అన్న మాట, ‘‘లాంఛనమే కదా, ఏదో ఒకటి పెడితే పోలా?’’ అని. దానికి పెళ్లివారి పెద్దాయన జవాబు, ‘‘లాంఛనమే అయితే సరిగ్గా పెట్టడానికేం?’’ అని. ఇద్దరూ ఒకే మాట వాడారు, ఇద్దరి ఉద్దేశాలూ వేరు.

ఆ ‘మే’ దగ్గరే ఉంది కిటుకు. తెలుగులో ‘ఏ’ చిన్న ప్రత్యయమే గానీ గట్టిది. ‘పది రూపాయలు’ అంటే పది రూపాయలు. ‘పది రూపాయలే’ అంటే అవే పది, కానీ విలువ తగ్గిపోయింది. ‘లాంఛనాలు జరిపించండి’, ‘ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు’ అన్నప్పుడు ‘ఏ’ లేదు. అక్కడ జాతీయ పతాకం కప్పాలి, పోలీసులు తుపాకులు గాలిలోకి పేల్చి గౌరవ వందనం చేయాలి, చితికి నిప్పు పెట్టేముందు పతాకాన్ని తీసి జాగ్రత్తగా మడవాలి. ఒక్కటి తప్పినా లోటే. అదే మాటకు ‘ఏ’ చేరిస్తే ‘మిగిలింది లాంఛనం మాత్రమే, అసలు సంగతి ముందే తేలిపోయింది’ అన్న అర్థం వస్తుంది.

‘లాంఛనంగా’, ‘లాంఛనప్రాయంగా’ అన్న మాటలకూ తేడా ఉంది. దీన్ని చాలామంది గమనించరు. ‘వంతెనను మంత్రి లాంఛనంగా ప్రారంభించారు’ అంటే రిబ్బన్ కత్తిరించి, శిలాఫలకం మీది పరదా తొలగించి, పద్ధతి ప్రకారం ప్రారంభించారని. ‘లాంఛనప్రాయంగా ప్రారంభించారు’ అంటే ఏదో పేరుకు చేశారని. ‘ప్రాయం’ అంటే దాదాపు అలాంటిది అని కదా. మండల కేంద్రాల నుంచి వచ్చే వార్తల్లో ఈ రెండోది మర్యాద అనుకుని రాసేసేవాళ్లు. దాని బదులు ‘లాంఛనంగా’ అని మార్చడం మా రాత్రి పనుల్లో ఒకటి. పొరపాటున అచ్చయిందంటే పొద్దున్నే మంత్రిగారి పీఏ నుంచి ఫోన్. ఆయన కోపంలో న్యాయం ఉంది.

ఇక ‘గెలుపు లాంఛనమే’ సంగతి. కొత్తగా డెస్కుకు వచ్చిన పిల్లలను నేను ఒకటే అడిగేవాణ్ని: ‘‘ఇంకా మిగిలిందేమిటి, సంతకమా, ఓటా?’’ ఓట్ల లెక్కింపు అయిపోయి, రిటర్నింగ్ అధికారి ఫలితాన్ని ప్రకటించే ఫారం 21సి మీద సంతకం చేయడం, గెలిచినవారి చేతికి ఫారం 22 ధ్రువపత్రం ఇవ్వడం మాత్రమే మిగిలితే, ‘లాంఛనమే’ అని నిశ్చింతగా రాయొచ్చు. ఎందుకంటే అక్కడ మిగిలింది నిజంగానే ముద్ర. ఓటింగే ఇంకా జరగలేదంటే ఆ మాట రాయడం ఓటరును లెక్కలోంచి తీసేయడం. నాకు ఇందులో రాజీ లేదు.

1969 రాష్ట్రపతి ఎన్నిక గుర్తుకొస్తుంది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి. అంతకుముందు జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి ఓడిన సందర్భమే లేదు. పార్టీ పేరు ఖరారు చేస్తే రాష్ట్రపతి భవన్‌కు దారి పడినట్టే అనుకునే కాలం. ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి వి.వి.గిరి స్వతంత్ర అభ్యర్థిగా దిగారు. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయండని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ కావాల్సిన మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్యం లెక్కించాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్ల విలువ తేలింది. ‘లాంఛనమే’ అని ఎవరైనా ముందే రాసి ఉంటే ఆ పేజీ ఏమయ్యేదో ఆలోచించండి.

క్రికెట్‌లోనూ అంతే. 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. ఆస్ట్రేలియా అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచి ఉంది. తొలి ఇన్నింగ్స్‌లో వాళ్లు 445, మనం 171. 274 పరుగుల వెనకబాటుతో ఫాలోఆన్. ఇలాంటి స్కోరు వచ్చినప్పుడు స్పోర్ట్స్ డెస్కులో ఎవరి చేతికైనా మొదట వచ్చే మాట అదే. తర్వాత మన హైదరాబాదీ లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180 కొట్టారు. నాలుగో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదు. ఇండియా 171 పరుగుల తేడాతో గెలిచింది. వికెట్లు ఇంకా చేతిలో ఉన్నాయంటే మిగిలింది సంతకం కాదు.

చివరగా మీ ఇంటి సంగతి. అడగలేదు కదా అనకండి, ఆడపిల్ల తల్లి అడిగిన ప్రశ్న కాబట్టి చెప్పకుండా ఉండలేను. ‘కట్నం వద్దు, లాంఛనాలు చాలు’ అన్నప్పుడు ఆ లాంఛనాలేమిటో ఇప్పుడే కూర్చుని రాయించుకోండి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం పేరును చూడదు. పెళ్లికి సంబంధించి ఇచ్చిన, ఇస్తామని ఒప్పుకున్న ఆస్తి, డబ్బు ఏదైనా దాని కిందికి వస్తుంది. ఎవరూ అడగకుండా, ఆచారం ప్రకారం, తాహతుకు మించకుండా ఇచ్చే కానుకలకు మినహాయింపు ఉంది. వాటికీ జాబితా రాసి ఉంచుకోమని చట్టమే చెబుతోంది. క్రైమ్ వార్తల్లో ‘ఆడపడుచు లాంఛనాల కింద ఇంత’ అని రాయాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు చేయి బరువెక్కేది. పసుపు కుంకుమలు, చీర దాటి అంకెలు మొదలయ్యాయంటే దాని పేరు లాంఛనం కాదు. గట్టిగా అడగండి, మొహమాటపడకండి.

ప్రశ్న: ‘ఏకగ్రీవం’ అంటే ఒకే మెడ అని మా కోచింగ్ సెంటర్లో సార్ చెప్పారు. ఎన్నికకూ మెడకూ ఏం సంబంధం? అందరూ ఒప్పుకోవడం, పోటీ లేకపోవడం రెండూ ఒకటేనా? ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?
పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ సారు సరిగ్గానే చెప్పారు బాబూ. గ్రీవం అంటే మెడ. అందమైన మెడ ఉన్నవాడు సుగ్రీవుడు, పది మెడలవాడు దశగ్రీవుడు, గుర్రపు మెడ ఉన్నవాడు హయగ్రీవుడు. అందరిదీ ఒకే మెడ అయినట్టు, ఒకే గొంతుతో చెబితే ఏకగ్రీవం. ‘ఏకకంఠంతో’ అన్న మాటా ఈ కోవలోదే. దీనికి సరిగ్గా ఎదురు నిలిచే మాట పంచతంత్రంలో ఉంది, ‘పృథగ్గ్రీవాః’ అని, అంటే వేరువేరు మెడలున్నవి. భారుండ పక్షికి కడుపు ఒకటి, మెడలు రెండు. ఒక తలకు అమృతంలాంటి పండు దొరికితే రెండోదానికి పెట్టకుండా తినేసింది. రెండోది కసికొద్దీ విషపు కాయ తిన్నది. కడుపు ఒకటే కాబట్టి రెండూ పోయాయి.

మీ రెండో ప్రశ్న అసలైనది. హిందీలో పోటీ లేకుండా గెలిస్తే ‘నిర్విరోధ్’ అంటారు, అందరూ ఒప్పుకుంటే ‘సర్వసమ్మతి’ అంటారు. కన్నడ పత్రికలు కూడా పోటీ లేని ఎన్నికను ‘అవిరోధ’ అని రాస్తాయి. మనం రెండిటికీ ఏకగ్రీవమే వాడుతున్నాం. సభలో తీర్మానం ఏకగ్రీవం, రాజ్యసభ సీటు ఏకగ్రీవం, సర్పంచి ఏకగ్రీవం. మొదటిదానిలో అందరూ చేతులెత్తారు. మిగతా రెండిట్లో ఎత్తే అవకాశమే ఎవరికీ రాలేదు.

చట్టం ఏమంటుందో చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 53(2) సెక్షన్ ప్రకారం, సీట్లు ఎన్నో బరిలో ఉన్నవాళ్లూ అంతమందే అయితే రిటర్నింగ్ అధికారి వెంటనే వాళ్లను ఎన్నికైనట్టు ప్రకటించాలి. పోలింగే ఉండదు. పోలింగ్ లేదు కాబట్టి, 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా మీటకూ అక్కడ పనిలేదు. 2024 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని సూరత్ లోక్‌సభ స్థానంలో ఇదే జరిగింది. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది, మిగిలినవాళ్లు ఉపసంహరించుకున్నారు, బీజేపీ అభ్యర్థి ఎన్నికైనట్టు ప్రకటించారు. మన పత్రికలు ‘సూరత్ ఏకగ్రీవం’ అని రాశాయి. ఆ నియోజకవర్గంలో ఓటర్ల అభిప్రాయం ఏమిటో ఎవరూ అడగలేదు కాబట్టి, ‘పోటీ లేకుండా ఎన్నిక’ అని రాయడం సబబు అని నా అభిప్రాయం.

రెండు అర్థాలూ ఒకేచోట కలిసిన సందర్భం కావాలంటే మళ్లీ సంజీవరెడ్డి దగ్గరికే రావాలి. 1969లో ఓడిపోయిన ఆయన 1977 లోక్‌సభ ఎన్నికల్లో నంద్యాల నుంచి గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కు పోతే, జనతా పార్టీకి దక్కింది ఆ ఒక్కటే. స్పీకర్ అయ్యారు. అదే ఏడాది రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. జనతా పార్టీ పెట్టిన అభ్యర్థిని కాంగ్రెస్ కూడా సమర్థించింది. పార్టీల మధ్య అది అసలైన ఏకగ్రీవం. నామినేషన్లు మాత్రం 37 పడ్డాయి. పరిశీలనలో 36 తిరస్కరించారు. చివరికి ఒక్క ఓటూ పడకుండా ఆయన రాష్ట్రపతి అయ్యారు, 1977 జులై 25న ప్రమాణం చేశారు. ఎనిమిదేళ్ల కిందట చేతికందే పదవి జారిపోయిన మనిషికి ఈసారి పోలింగే అవసరం పడలేదు. ఇంటర్వ్యూలో ఈ ఉదాహరణ చెప్పండి, అడిగినవాళ్లకు నచ్చుతుంది.

పంచాయతీల్లో ఏకగ్రీవం గురించి చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టవుతుంది. ఊరంతా రచ్చబండ దగ్గర కూర్చుని, ఫలానావారు బాగా చేస్తారని ఒప్పుకుని, మిగతావాళ్లు నామినేషన్లు వెనక్కి తీసుకుంటే అంతకంటే కావాల్సింది లేదు. ఖర్చు లేదు, పగలు లేవు. గుజరాత్‌లో 2001 నుంచి ‘సమరస్’ పేరుతో ఇలాంటి గ్రామాలకు ప్రోత్సాహకం ఇస్తున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు ఏకగ్రీవ పంచాయతీలకు డబ్బు ప్రకటించాయి. అయితే సర్పంచి పదవికి వేలంపాట పెట్టి, గుడి కట్టిస్తానన్నవాడికో, ఎక్కువ పాడినవాడికో ఇచ్చేసి, దాన్నీ ఏకగ్రీవమనే రాయమని ఊళ్లనుంచి వార్తలు వచ్చేవి. అలాంటి వార్త చేతికొస్తే నేను విలేకరికి ఫోన్ చేసి, ‘‘నామినేషన్ వేయాలనుకున్న రెండోవాడు ఎవరు? అతనితో మాట్లాడావా?’’ అని అడిగేవాణ్ని. రిజర్వుడు సీటులో నిలబడాలనుకున్న మనిషిని పొలానికి నీళ్లు ఆపేస్తామని బెదిరించి కూర్చోబెట్టిన సంగతి ఇలా ఒక్క ప్రశ్నతో బయటపడిన సందర్భం ఉంది. పదిమంది మెడలు వంచి తెచ్చినదాన్ని ఏకగ్రీవం అనకూడదు. ఆ వార్తకు ‘వేలంలో సర్పంచి పదవి’ అనే శీర్షిక పెట్టాం.

కాబట్టి ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి: తీర్మానాలకు ఏకగ్రీవం సరైన మాట. ఎన్నికలకు వాడుకలో స్థిరపడిపోయింది, తప్పు అనలేం. కానీ చట్టం చెప్పేది పోటీ లేకపోవడాన్ని, అందరి సమ్మతిని కాదు.

ప్రశ్న: ‘టికెట్ ఖాయం’ అని నేను వార్త పంపితే డెస్కులో ‘టికెట్ ఖరారు’ అని మార్చారు. మర్నాడు టికెట్ వేరేవాళ్లకు వచ్చింది. తిట్లు నాకు పడ్డాయి. రెండిటికీ తేడా లేదా?
ఒక విలేకరి, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: తేడా ఉంది తమ్ముడూ, మీ బాధ నాకు అర్థమైంది. రెండూ ఉర్దూ మీదుగా మనకు వచ్చిన అరబీ మాటలే. ఖరారులో ఒప్పందం, నిర్ణయం ఉన్నాయి. భూముల లావాదేవీల్లో రాసుకునే కరారునామా ఈ మాటతోనే ఏర్పడింది. అంటే నిర్ణయించే అధికారం ఉన్నవాళ్లు నిర్ణయం తీసేసుకున్నారని అర్థం. ఖాయం అంటే స్థిరంగా ఉన్నది. ఇళ్లలో ‘పెళ్లి ఖాయం చేసుకున్నం’ అంటే మాటలైపోయాయనే అర్థం గానీ, పత్రికల్లో ‘ఖాయం’ అంటే ‘తప్పకుండా వస్తుందని మా అంచనా’ అనే. కాబట్టి ఖాయం విలేకరి నమ్మకం, ఖరారు పార్టీ నిర్ణయం. జాబితా చేతికి రాకుండా మొదటిదాన్ని రెండోదిగా మార్చడం డెస్కు చేయకూడని పని.

‘దాదాపు ఖరారు’ అనే శీర్షిక కూడా నాకు మింగుడు పడదు. నిర్ణయమైతే అయింది, లేకపోతే లేదు. ‘పరిశీలనలో ముందున్నారు’ అని రాస్తే చాలు. ఇక గోడల మీద రాసే ‘గెలుపు తథ్యం’ సంగతి వేరు. తథ్యం అంటే నిజం. అది కార్యకర్తలు తమ ధైర్యం కోసం రాసుకునే మాట, దాన్ని వాళ్లకే వదిలేయండి. ఇకమీదట కాపీ పంపేటప్పుడు ఎవరు చెప్పారో బ్రాకెట్లో డెస్కుకు రాయండి. మార్చినవాళ్లు ఎవరో అప్పుడు తేలికగా తెలుస్తుంది.

ప్రశ్న: ‘నల్లేరుపై నడక’ అంటే సులువైన గెలుపు అంటున్నారు. నల్లేరు మీద మనిషి నడిస్తే సులువెలా అవుతుంది?
ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: నడిచేది మనిషి కాదు, బండి. సామెత ‘నల్లేరు మీద బండి నడక’. నల్లేరు తీగ నాలుగు పలకలుగా, కణుపులు కణుపులుగా, నీరు నిండి మెత్తగా ఉంటుంది. బండి చక్రం ఎక్కితే నలిగిపోతుంది తప్ప ఎదురు నిలవదు. శీర్షికలో చోటు చాలక పత్రికలవాళ్లు బండిని తీసేశారు. నిలుపుకోగలిగితే నిలుపుకోవాలనే నేనంటాను. లేత నల్లేరు కాడలతో పచ్చడి కూడా చేస్తారు. బెంగళూరులో దొరికితే కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి, లేకపోతే దురద పెడుతుంది.